ఇథనాల్ ఇంజిన్‌కు ఇంధన పంపు: లెక్క ఎక్కడ మొదలు కావాలి?

ఇథనాల్ గురించి వ్యవసాయ విద్యాసంస్థలలో జరిగే చర్చ సాధారణంగా పొలం దగ్గర మొదలై డిస్టిలరీ గేటు దగ్గర ముగుస్తుంది. ఎకరా చెరకుకు ఎంత నీరు కావాలి, టన్ను మొక్కజొన్న నుంచి ఎన్ని లీటర్లు వస్తుంది, నూకలు ఇంధనానికి మళ్ళితే కోళ్ల దాణాకు ఏం మిగులుతుంది అన్నవి తప్పక అడగవలసిన ప్రశ్నలే. కాని గేటు దాటిన తరువాత ఆ ఇంధనం ఒక ఇంజిన్‌లో కాలవలసి ఉంది. అక్కడికి వచ్చేసరికి చర్చ రెండు వాక్యాలకు కుదించుకుపోతుంది: మైలేజీ కొంత తగ్గుతుంది, రబ్బరు భాగాలు మార్చుకోవాలి. ఇంజిన్ శక్తి పెరిగేకొద్దీ ఈ రెండు వాక్యాలూ ఏమాత్రం చాలవు.

దేశంలో పెట్రోలులో 10 శాతం ఇథనాల్ మిశ్రమం 2022 జూన్ నాటికి సాధ్యమైంది. మొదట 2030కి పెట్టుకున్న 20 శాతం లక్ష్యం 2025లోనే నెరవేరింది. 2024 మార్చిలో కొన్ని రాష్ట్రాలలోని ఎంపిక చేసిన బంకులలో ‘ఇథనాల్ 100’ అమ్మకం కూడా ప్రారంభమైంది. కనుక అధిక ఇథనాల్‌తో నడిచే పెద్ద ఇంజిన్ ఇక ఊహకు సంబంధించిన విషయం కాదు. అటువంటి ఇంజిన్‌లో మొదట చేతులెత్తేసేది తరచుగా పిస్టనో వాల్వో కాదు, ట్యాంకులో మునిగి ఉండే ఇంధన పంపు. పంపు చేతులెత్తేసిన సంగతి బయటపడేది మాత్రం పిస్టన్ కరిగిన తరువాతే. ఈ కారణం చేత పంపు పరిమాణాన్ని నిర్ణయించే లెక్కను వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థికి సక్రమంగా నేర్పవలసి ఉంది; విస్తరణ శాస్త్రవేత్తకు కూడా ఆ లెక్క నోటికి వచ్చి ఉండాలి.

ఒక సాధారణ అపోహను ముందుగా తొలగించుకోవాలి. ఇథనాల్‌లో శక్తి తక్కువ, కాబట్టి ఇంజిన్ బలం తగ్గుతుంది అని చాలామంది భావిస్తారు. మొదటి భాగం నిజం. కిలో పెట్రోలులో సుమారు 43 మెగాజౌళ్ల ఉష్ణశక్తి ఉండగా, కిలో ఇథనాల్‌లో ఉన్నది సుమారు 27 మాత్రమే. రెండవ భాగం మాత్రం నిజం కాదు. ఇంజిన్ శక్తికి హద్దు గీసేది ఇంధనం కన్నా ముఖ్యంగా సిలిండర్‌లోకి వెళ్ళగలిగే గాలి. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. గాలి లెక్కన చూస్తే కిలో గాలికి పెట్రోలు ఇచ్చేది సుమారు 2.9 మెగాజౌళ్లు, ఇథనాల్ ఇచ్చేది దాదాపు 3. అంటే ఒకే గాలితో రెండు ఇంధనాలూ దాదాపు సమానమైన శక్తిని ఇస్తాయి. తేడా అంతా ఆ గాలికి జత చేయవలసిన ద్రవ పరిమాణంలో ఉంది. బరువులో ఇది సుమారు 1.6 రెట్లు; ఇథనాల్ సాంద్రత కొంచెం ఎక్కువ కనుక ఘనపరిమాణంలో ఒకటిన్నర రెట్లు. ఇథనాల్‌కు తగినట్లు రూపొందించిన ఇంజిన్ పూర్తి బరువు మీద బలం చాలక నీరసపడితే నింద ఇంధనం మీద వేయడానికి ముందు, ఇంధనం అందుతున్నదా లేదా అని చూడాలి.

ఇక లెక్క. అమెరికాలోని మొక్కజొన్న రాష్ట్రాలలో ‘ఇ85’ బంకులలో దొరకడం వల్ల, దానితో నడిచే టర్బో ఇంజిన్లు అక్కడి ఔత్సాహికులకు బాగా పరిచితం. అటువంటి 800 అశ్వశక్తి ఇంజిన్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. 800 అశ్వశక్తి అంటే ఇంచుమించు 600 కిలోవాట్లు. పూర్తి భారం మీద, టర్బోతో, రక్షణ కోసం కొంత చిక్కటి మిశ్రమంతో నడిచే ఇ85 ఇంజిన్ కిలోవాట్-గంటకు సుమారు 490 గ్రాముల ఇంధనం తీసుకుంటుందని అనుకుంటే, గంటకు 294 కిలోలు అవుతుంది. ఇ85 సాంద్రతను లీటరుకు 0.78 కిలోలుగా తీసుకుంటే గంటకు 377 లీటర్లు. ఇదే శక్తికి పెట్రోలు అయితే కిలోవాట్-గంటకు 335 గ్రాముల చొప్పున గంటకు సుమారు 270 లీటర్లు సరిపోతాయి. పంపు అరుగుదలకు, వడపోత మూసుకుపోవడానికి 20 శాతం అదనం చేర్చితే ఇథనాల్ పంపు గంటకు 450 లీటర్లు ఇవ్వగలగాలి.

ఇక్కడ వరకు లెక్క చాలామంది చేస్తారు. తరువాత పంపు పెట్టె మీద ముద్రించిన అంకెను చూసి కొంటారు. పొరపాటు జరిగేది అక్కడే. పెట్టె మీద ఉన్న అంకె ఏ పీడనం దగ్గర, ఏ ఓల్టేజి దగ్గర కొలిచారన్నది చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఎదురు పీడనం పెరిగేకొద్దీ ఏ విద్యుత్ ఇంధన పంపు ప్రవాహమైనా తగ్గుతుంది. బోరు మోటారు ఎంత లోతు నుంచి ఎత్తిపోస్తే ఎన్ని నీళ్లు ఇస్తుందో రైతుకు తెలుసు. 200 అడుగుల దగ్గర ఇచ్చిన నీళ్లు 500 అడుగుల దగ్గర ఇవ్వదని ఎవరూ అతనికి చెప్పనక్కరలేదు. అదే న్యాయం ఈ చిన్న పంపుకూ వర్తిస్తుంది. ఇంజెక్టర్ల దగ్గర మూల పీడనం 3 బార్ ఉంటుందనుకుంటే, టర్బో గాలిని 2 బార్ అదనపు పీడనంతో నెట్టేటప్పుడు ఇంజెక్టర్ నోటి దగ్గర అదే తేడా నిలవడానికి ఇంధన పీడనం కూడా 5 బార్‌కు పెరగాలి. గొట్టాలలో, వడపోతలో పోయేదాన్ని కలిపితే పంపు 5.5 బార్‌కు ఎదురుగా పనిచేయవలసి వస్తుంది. 3 బార్ దగ్గర 450 లీటర్లు ఇచ్చే పంపు ఇక్కడ ఆ 450 ఇవ్వదు. మరీ అన్యాయమేమిటంటే, ఇంజిన్‌కు అత్యధిక ఇంధనం కావలసిన క్షణమే పంపుకు అత్యధిక పీడనం ఎదురయ్యే క్షణం కూడా.

గొట్టాల విషయంలో ఒక మాట. ఈ స్థాయి ప్రవాహంలో ద్రవం సుడులతో పారుతుంది కాబట్టి పీడన నష్టం దాదాపు వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. పెట్రోలుకు సరిపోయిన గొట్టంలోనే 1.4 రెట్లు ఇథనాల్ మిశ్రమాన్ని పంపితే నష్టం దాదాపు రెట్టింపు అవుతుంది. పంపు మార్చి గొట్టం పాతదే ఉంచడం, మోటారు పెద్దది వేసి పైపు సన్నదే ఉంచిన బోరు కథ వంటిది.

ఓల్టేజిని దాదాపు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గంటకు 450 లీటర్లను 5.5 బార్‌కు ఎత్తడానికి ద్రవానికి అందవలసిన శక్తి 69 వాట్లు మాత్రమే. మోటారు, పంపుల ఉమ్మడి సామర్థ్యం 30 శాతం అనుకుంటే బ్యాటరీ వైపు నుంచి 230 వాట్లు కావాలి, 13.5 ఓల్టుల దగ్గర అది 17 ఆంపియర్ల కరెంటు. పాత పంపు కోసం వేసిన సన్నని తీగ, తుప్పు పట్టిన ఎర్త్ కలిసి 0.1 ఓమ్ నిరోధం ఇచ్చినా 1.7 ఓల్టులు దారిలోనే పోతాయి. పంపుకు చేరేది 12 ఓల్టుల లోపు. మోటారు వేగం తగ్గుతుంది, ప్రవాహం తగ్గుతుంది. వర్క్‌షాపులో ‘పంపు పాడైంది’ అని తీసిపారేసే పంపులలో కొన్ని నిజానికి తీగ పాడైన పంపులే అయి ఉంటాయి. విద్యుత్ పంపుసెట్ల దగ్గర లో ఓల్టేజి అనే మాటను తరతరాలుగా వింటున్న విస్తరణ సిబ్బందికి ఈ సంగతి కొత్తగా వివరించవలసిన పని లేదు. దాన్ని ఇక్కడికి అన్వయించడమే మిగిలింది.

ఇథనాల్ స్వభావం నుంచే పుట్టే మరొక చిక్కు ఉంది. దాని ఆక్టేన్ సంఖ్య 108 ప్రాంతంలో ఉంటుంది. ఆవిరి అయ్యేటప్పుడు అది పెట్రోలు కన్నా రెండింతలకు పైగా వేడిని పీల్చుకుని లోపలి గాలిని చల్లబరుస్తుంది. అందువల్ల ఇంజిన్ నాక్ కాకుండా టర్బో పీడనాన్ని పెంచుకోవచ్చు, సంపీడన నిష్పత్తినీ పెంచుకోవచ్చు. ఇథనాల్‌కు మారిన ప్రతి ఒక్కరూ కొద్ది కాలానికే ఆ పని చేస్తారు. పెట్రోలు మీద ఇచ్చిన శక్తిని బట్టి 1.4 రెట్లు లెక్కవేసి కొన్న పంపు, శక్తి 20 శాతం పెరిగిన తరువాత ఒక్కసారిగా చాలకపోతుంది. అప్పటికి కావలసింది పాత అవసరానికి దాదాపు 1.7 రెట్లు. కనుక ప్రస్తుత శక్తికి కాదు, ఆ ఇంజిన్ చేరబోయే శక్తికి పంపు ఎంచుకోవాలి. ‘పెట్రోలు పంపు కన్నా 30 శాతం పెద్దది’ అనే బండ సూత్రాన్ని పాఠాలలోంచి తొలగించడమే మేలు. ఇ85కు అది చాలదు, స్వచ్ఛమైన ఇథనాల్‌కు అసలే చాలదు, శక్తి పెంచిన ఇంజిన్‌కు ప్రమాదకరం.

ఎందుకు ప్రమాదకరం? పంపు చాలనప్పుడు ఇంజిన్ ఆగిపోదు. పీడనం మెల్లగా జారుతుంది, ఇంజెక్టర్లు అదే సమయం తెరుచుకున్నా తక్కువ ఇంధనం పోస్తాయి, మిశ్రమం పలచబడుతుంది, దహన ఉష్ణోగ్రత పెరుగుతుంది. పెట్రోలు ఇంజిన్ ఇటువంటి స్థితిలో టకటకమని నాక్ శబ్దంతో హెచ్చరిస్తుంది. ఇథనాల్ నాక్‌ను బాగా తట్టుకుంటుంది. కానీ వేడెక్కిన స్పార్క్ ప్లగ్ కొన వంటి ఉపరితలాలను తాకి ముందుగానే అంటుకునే గుణం దానికి పెట్రోలు కన్నా ఎక్కువ. అంటే హెచ్చరిక తక్కువ, నష్టం ఎక్కువ. పూర్తి భారం మీద కొన్ని సెకన్లు చాలు, పిస్టన్ తలలో రంధ్రం పడడానికి.

ఇన్ని తిప్పలెందుకు, అతి పెద్ద పంపు ఒకటి పెట్టేస్తే పోలేదా అని వాదించేవారు ఉన్నారు. ఈ వాదన వినడానికి బాగుంటుంది. కాని ఇంజిన్ తీసుకోని ఇంధనమంతా తిరుగు గొట్టం ద్వారా ట్యాంకుకు చేరుతుంది. ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడు పంపిన దానిలో నూటికి తొంభై పాళ్లకు పైగా తిరిగి వస్తుంది. తిరుగు గొట్టం సన్ననైతే రెగ్యులేటర్ పీడనాన్ని అదుపు చేయలేదు, మిశ్రమం చిక్కబడి ఇంజిన్ పొగలు కక్కుతుంది. పంపు తీసుకున్న 230 వాట్లలో ఎక్కువ భాగం వేడిగా మారి ఇంధనంలోనే కలుస్తుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండలో, ట్యాంకు పావు వంతుకు దిగినప్పుడు, అదే ఇంధనం మళ్ళీ మళ్ళీ తిరిగి వేడెక్కితే పంపు చూషణ వైపు ఆవిరి బుడగలు ఏర్పడతాయి. బుడగలు మింగిన పంపు ప్రవాహాన్నీ ఇవ్వదు, ఎక్కువ కాలమూ బతకదు. రెండు పంపులు అమర్చి, భారం పెరిగినప్పుడే రెండవది పనిచేసేలా చేయడం, లేదా వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే నియంత్రణ పెట్టడం ఇంతకన్నా తెలివైన మార్గాలు. అయితే రెండవ పంపు పనిచేయని రోజున ఇంజిన్‌ను తక్కువ శక్తికి పరిమితం చేసే ఏర్పాటు లేకపోతే ఆ తెలివి కూడా అక్కరకు రాదు.

కారుకు, పొలంలో పనిచేసే యంత్రానికి ఉన్న తేడాను ఇక్కడ గట్టిగా చెప్పవలసి ఉంది. 800 అశ్వశక్తి కారు తన పూర్తి శక్తిని వాడేది పదిహేను సెకన్లు. నల్లరేగడిలో రోటవేటర్ లాగే ట్రాక్టరు, చెరకు కోత యంత్రం గంటల తరబడి పూర్తి శక్తికి దగ్గరలో పనిచేస్తాయి. పందెపు కార్ల కోసం అమ్మే పంపు సామర్థ్యాన్ని తెచ్చి పొలం యంత్రానికి అన్వయిస్తే లెక్క తలకిందులవుతుంది. ఇండియానాపోలిస్ పందేలలో దశాబ్దాల పాటు మిథనాల్ వాడి, 2007లో పూర్తిగా ఇథనాల్‌కు మారారు. మిథనాల్ కన్నా ఇథనాల్‌లో శక్తి ఎక్కువ కనుక ట్యాంకు పరిమాణాన్ని తగ్గించుకోగలిగారు. వ్యవసాయ యంత్రానికి ఈ మార్పు ఎదురు దిశలో వస్తుంది. ఎందుకంటే అది డీజిల్ నుంచి బయలుదేరుతుంది. లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్లు, లీటరు ఇథనాల్‌లో 21. సామర్థ్యం సమానంగా ఉన్నా 1.7 రెట్లు ద్రవం కావాలి. 75 అశ్వశక్తి ట్రాక్టరు పూర్తి భారం మీద గంటకు సుమారు 17 లీటర్ల డీజిల్ తాగితే, 30 శాతం సామర్థ్యం గల స్పార్క్ ఇంజిన్‌తో అదే పనికి దాదాపు 32 లీటర్ల ఇథనాల్ కావాలి. 65 లీటర్ల ట్యాంకు రెండు గంటలకు ఖాళీ.

స్వీడన్ దారి వేరు. స్టాక్‌హోమ్ బస్సులలో దశాబ్దాల పాటు వాడిన ఇథనాల్ ఇంజిన్ స్పార్క్ లేని డీజిల్ తరహాది. ఇథనాల్‌కు సుమారు 5 శాతం జ్వలన సహాయక ద్రవ్యాలను కలిపి, సంపీడన నిష్పత్తిని 28కి పెంచి దాన్ని అంటిస్తారు. సామర్థ్యం దక్కుతుంది, కాని డీజిల్ ఇంజెక్షన్ పంపు తన భాగాలకు కావలసిన నూనెతనాన్ని తను పంపే ఇంధనం నుంచే పొందుతుంది. ఇథనాల్‌లో ఆ గుణం బాగా తక్కువ. ఉన్న ట్రాక్టరు పంపులోనే డీజిల్ బదులు ఇథనాల్ పోసి చూడాలనుకునే ఉత్సాహవంతులకు ఈ ఒక్క కారణం చాలాలి. 1979 నుంచి పూర్తి ఇథనాల్ కార్లు నడుపుతున్న బ్రెజిల్‌లో అమ్మేది సుమారు 5 శాతం నీరు గల ఇథనాల్. ఆ నీటి వాటాకు తగ్గట్టు పంపవలసిన ద్రవం మరికొంత పెరుగుతుంది. ఇక అమెరికాలో ‘ఇ85’ అన్న పేరు మీద అమ్మే ఇంధనంలో ఇథనాల్ ప్రమాణాల ప్రకారం 51 నుంచి 83 శాతం వరకు ఎంతైనా ఉండవచ్చు, చలికాలంలో తగ్గిస్తారు. చలికాలంలో సరిపోయిన పంపు వేసవిలో చాలకపోవడానికి ఇదొక కారణం. పేరును నమ్మక, దొరికే అత్యధిక శాతానికి పంపు లెక్క వేయడమే సరైన పద్ధతి.

అంకెలు ఇంత దూరం వచ్చాక ఒక వ్యవసాయ లెక్కను దాటవేయడం న్యాయం కాదు. టన్ను మొక్కజొన్న నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. పైన చెప్పిన 800 అశ్వశక్తి ఇంజిన్ పూర్తి శక్తితో గంటసేపు నడిస్తే కాలే ఇ85లో 320 లీటర్ల ఇథనాల్ ఉంది. అంటే గంటకు ఎనిమిది క్వింటాళ్లకు పైగా మొక్కజొన్న. ఎకరాకు 30 క్వింటాళ్లు పండించిన మంచి రైతు పంట మూడున్నర గంటలలో ముగుస్తుంది. ఇథనాల్ వద్దు అనడానికి ఈ అంకె ఆధారం కాజాలదు. కాని ప్రతి చుక్కా పొలం నుంచి వచ్చినప్పుడు, పంపు తప్పుగా ఎంచుకుని చిక్కటి మిశ్రమంతో పొగగా వదిలే ఇంధనం కూడా పొలం నుంచి వచ్చినదే.

చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రకటనలో చెప్పిన శక్తిని ట్రాక్టర్లు పొలంలో ఇవ్వడం లేదన్న రైతుల అనుభవం నుంచే అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం 1919లో చట్టం చేసి, పరీక్షించే బాధ్యతను విశ్వవిద్యాలయానికి అప్పగించింది. పంపు పెట్టె మీది అంకె విషయంలో నేటి పరిస్థితి అటువంటిదే. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. బాపట్లలో, మడకశిరలో, సంగారెడ్డి జిల్లా కందిలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. ఇథనాల్ మిశ్రమాలతో, 3 నుంచి 6 బార్ వరకు, 11 నుంచి 14 ఓల్టుల వరకు పంపుల ప్రవాహ రేఖలను గీసి ప్రచురించడం ఒక విద్యార్థి బృందం ఒక విద్యా సంవత్సరంలో చేయగలిగిన పని. అదే ఇంధనంలో వేడిగా, నిరంతరంగా నడిపి వంద గంటల తరువాత మళ్ళీ కొలిస్తే అరుగుదల ఎంతో కూడా తెలుస్తుంది. ‘ఇథనాల్‌కు అనువైనది’ అన్న ముద్ర కన్నా ఆ రేఖ ఒక్కటి రైతుకు, మెకానిక్‌కు ఎక్కువ పనికివస్తుంది.

విస్తరణ శిబిరంలో చూపించడానికి ఇంకా సులభమైన ప్రయోగం ఉంది. పంపును దాని సొంత తీగలతోనే నడిపి, రెగ్యులేటర్‌ను అసలు పనిచేయవలసిన పీడనానికి బిగించి, తిరుగు గొట్టం నుంచి వచ్చే ఇంధనాన్ని కొలపాత్రలో నిమిషం పాటు పట్టాలి. గంటకు 450 లీటర్లు కావలసిన చోట నిమిషానికి ఏడున్నర లీటర్లు రావాలి. ఆ నిమిషంలోనే పంపు కొనల దగ్గర ఓల్టేజిని కొలిస్తే తప్పు పంపుదా, తీగదా అన్నది తేలిపోతుంది. ఈ పని చెట్టు నీడన, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా, లోహపు పాత్రను ఎర్త్ చేసి చేయాలి. పగటి వెలుగులో ఇథనాల్ మంట లేత నీలంగా ఉండి సరిగా కంటికి ఆనదు. పాత ట్యాంకులో మొదటిసారి ఇథనాల్ పోసిన యంత్రమైతే, గోడలకు పట్టిన జిగురును అది కరిగించి తెస్తుంది కనుక మొదటి రెండు ట్యాంకుల తరువాత వడపోతను మార్చి, ఆ పైన మరొకసారి కొలవాలి.